రెండో ఊళ్లో సర్వర్ నకలు: వర్చువల్ మెషిన్ల రెప్లికేషన్‌కు ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఒక యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో విడివిడిగా నడిచే కంప్యూటర్లే వర్చువల్ మెషిన్లు, పొట్టిగా వీఎంలు. వాటికి ఇంకో ఊళ్లో ఎప్పటికప్పుడు నకలు ఉంచడమే రెప్లికేషన్. దానికి సాఫ్ట్‌వేర్ ఏది కొనాలని ఆలోచించే ముందు ఒక కాగితం తీసుకోండి. అసలు సర్వర్‌కూ, దాని నకలుకూ ఉమ్మడిగా ఉండబోయేవన్నీ దాని మీద రాయండి. ఒకే గది, ఒకే యూపీఎస్, ఒకే కరెంటు స్తంభం మీది ఫైబర్, ఒకే ఏటి ఒడ్డు, ఒకే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్. వీటిలో మీరు కొట్టేయలేకపోయిన ప్రతిదానికీ అసలునూ నకలునూ ఒకేసారి ముంచే శక్తి ఉంది. కింది లెక్కలన్నీ ఆ కాగితాన్ని చిన్నది చేయడానికే.

ఉదాహరణకు కర్నూలులో యాభై పడకల ప్రైవేటు ఆసుపత్రి, అనంతపురంలో దాని శాఖ అనుకుందాం. హోస్టుల్లో, అంటే వీఎంలను మోసే అసలు యంత్రాల్లో, విండోస్ సర్వర్, వీఎంలను నడిపే హైపర్-వీ ఉన్నాయి. అయిదు వీఎంలు: అందరి లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్ 80 జీబీ, బిల్లింగ్-ల్యాబ్ డేటాబేస్ ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ 300 జీబీ, ఫైల్ సర్వర్ 600 జీబీ, ఎక్స్‌రే-స్కాన్ చిత్రాల సర్వర్ 1,500 జీబీ, అకౌంట్స్ వాళ్ల రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ 150 జీబీ. మీ దగ్గర హైపర్-వీ బదులు వీఎంవేర్ ఉన్నా లెక్కల పద్ధతి ఇదే, మెనూలూ సెట్టింగులూ మారతాయంతే. అలాంటిదే అయిన ప్రాక్స్‌మాక్స్ వాడేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో ఉండే రెప్లికేషన్ ఒకే క్లస్టర్‌లోని (జట్టుగా కట్టిన) యంత్రాల మధ్య, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీదే పనిచేస్తుంది. రెండు ఊళ్ల మధ్య క్లస్టర్ సాగదీయడం మంచిది కాదు. వాళ్లకు ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ సింకే సరైన దారి.

నీళ్లు, కరెంటు, వైరు

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊళ్లోకి వచ్చాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. కడప ఊరి మధ్యనుంచే బుగ్గవంక పోతుంది. కరువు సీమలో వరదేంటని సర్వర్‌ను సెల్లార్‌లో పెట్టే రోజులు పోవాలి.

కాబట్టి నకలుకు ఊరు ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లు ఒక్కటే చూస్తే చాలదు, ఏరు కూడా చూడాలి. కర్నూలు, మంత్రాలయం వేర్వేరు ఊళ్లే, కానీ రెండూ తుంగభద్ర ఒడ్డునే ఉన్నాయి. కర్నూలు–అనంతపురం జత బాగుంటుంది. ఎన్‌హెచ్ 44 మీద సుమారు 150 కిలోమీటర్లు, అనంతపురం పెన్నా పరీవాహకంలోది, మనిషి కారులో మూడు గంటల్లోపు చేరుకుంటాడు. గది మొదటి అంతస్తులో ఉండాలి. పై అంతస్తు వద్దు: మే నెలలో మిద్దె సెగ, వానాకాలంలో కారే నీళ్లు నేరుగా ర్యాక్ మీదికే వస్తాయి.

సర్వర్ గదిలో ఉష్ణోగ్రత 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. బయట 43 ఉన్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ సర్వర్‌ను నడుపుతుంది, ఏసీని నడపదు. చిన్న గది నిమిషాల్లో కాగిపోతుంది. జనరేటర్ అందుకున్నాక కూడా కొన్ని ఏసీలు ఎవరో రిమోట్ నొక్కేదాకా లేవవు. ఆటో రీస్టార్ట్ ఉన్నదే కొనండి, అలాంటివి రెండు పెట్టండి. యూపీఎస్ బ్యాటరీల సంగతీ అంతే: 25 డిగ్రీలకు మించి సుమారు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ సీల్డ్ లెడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుంది. కంపెనీ అయిదేళ్లని రాసిన బ్యాటరీని ఇక్కడ మెట్ల కింద ఉక్కపోతలో పెడితే రెండేళ్లకే మార్చాల్సి వస్తుంది.

ఇక ఫైబర్. రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. వీధిలోకి వెళ్లి తల ఎత్తి చూడండి. రెండు తీగలూ ఒకే కరెంటు స్తంభం మీద నుంచి వస్తుంటే అవి రెండు కాదు, ఒకటే. గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ కలిసి పోతాయి. ఒకటి భూమిలోంచి వచ్చేది, రెండోది స్తంభాల మీదిది లేదా వైర్‌లెస్ అయితే జేసీబీ తవ్వినా గాలి వీచినా ఒకటి మిగులుతుంది.

ఎంత పోతే భరిస్తాం

ఈ ప్రశ్న యజమానిని అడగాలి. "ఎంత డేటా పోయినా పర్లేదు?" అని అడిగితే "ఏమీ పోకూడదు" అనే జవాబే వస్తుంది. అలా కాకుండా "ఓపీ కౌంటర్‌లో చివరి అయిదు నిమిషాల బిల్లులు మళ్లీ చేత్తో ఎక్కించగలమా? అరగంటవి అయితే? ల్యాబ్ రిపోర్టులు రెండు గంటలు కాగితం మీద రాసివ్వగలమా?" అని అడగండి. ఇప్పుడు నిజమైన అంకెలు వస్తాయి.

హైపర్-వీలో ఉండే రెప్లికేషన్ పేరు హైపర్-వీ రెప్లికా. అందులో మార్పులు ఎంతసేపటికోసారి పంపాలో చెప్పడానికి ప్రతి వీఎంకూ 30 సెకన్లు, 5 నిమిషాలు, 15 నిమిషాలు అనే మూడే ఎంపికలు ఉన్నాయి. మన ఆసుపత్రికి ఎస్‌క్యూఎల్ 5 నిమిషాలు, మిగిలినవి 15 చాలు. 30 సెకన్లు చూడ్డానికి బాగుంటుంది గానీ లైన్ కాస్త తడబడినా హెచ్చరికలు కుప్పలుగా వచ్చిపడతాయి, వారం తిరిగేసరికి వాటిని ఎవరూ చదవరు. అసలు హెచ్చరిక ఆ కుప్పలోనే కలిసిపోతుంది. ఒక్క బిల్లు కూడా పోకూడదంటే సింక్రనస్ పద్ధతి (రెండు చోట్లా రాశాకే రాత పూర్తయినట్టు లెక్క) కావాలి. దానికి రెండు చోట్ల మధ్య రానుపోను ఆలస్యం 5 మిల్లీసెకన్లలోపు, ఎప్పుడూ నిలకడగా ఉండాలి. అద్దె లైన్ల మీద రెండు ఊళ్ల మధ్య దాన్ని నమ్ముకోవద్దు.

డొమైన్ కంట్రోలర్‌ను రెప్లికేట్ చేయకండి. అనంతపురంలో ఇంకో డొమైన్ కంట్రోలర్‌ను మామూలుగా నడపండి, అవి రెండూ తమలో తాము సమాచారం పంచుకుంటాయి. కర్నూలు పోయిన రోజున లాగిన్‌కూ, పేరును బట్టి ఐపీ అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్‌కూ అది అప్పటికే లేచి ఉంటుంది.

రోజుకు ఎంత మారుతోంది

చాలామంది తప్పేది ఇక్కడే. డిస్క్ ఎంత పెద్దదో చూసి లైన్ కొంటారు. ఆ లైన్ మీద రోజూ వెళ్లేది డిస్క్ మొత్తం కాదు, మారిన భాగం మాత్రమే.

కొలవడానికి హోస్ట్‌లో పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి, హైపర్-వీ వర్చువల్ స్టోరేజ్ డివైస్ కింద సెకనుకు రాసే బైట్ల కౌంటర్‌ను ఒక్కో డిస్క్‌కు విడిగా పెట్టండి. నిమిషానికోసారి చొప్పున కనీసం ఏడు రోజులు రికార్డు చేయండి. ఆ ఏడు రోజుల్లో సోమవారం ఉండాలి, నెలాఖరు కూడా పడితే మరీ మంచిది. రోజువారీ ఇంక్రిమెంటల్ బ్యాకప్ (మారినదాన్నే తీసే బ్యాకప్) సైజు చూసి సరిపెట్టుకోవద్దు. ఒకే బ్లాక్ పగలంతా వందసార్లు మారినా బ్యాకప్ దాన్ని ఒక్కసారే లెక్కిస్తుంది. అయిదు నిమిషాలకోసారి పంపే రెప్లికా మాత్రం ఎన్నో సార్లు మోయాలి.

మన ఉదాహరణలో ఎస్‌క్యూఎల్ రోజుకు 18 జీబీ, ఫైళ్లు 6, చిత్రాలు 25, రిమోట్ డెస్క్‌టాప్ 5 అని తేలిందనుకుందాం. మొత్తం 54 జీబీ. దాన్ని 24 గంటలకు పంచితే చిన్న లైన్ చాలనిపిస్తుంది. కానీ ఓపీ రద్దీ ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా ఉంటుంది. 40 శాతం, అంటే 21.6 జీబీ ఆ మూడు గంటల్లోనే మారితే గంటకు 7.2 జీబీ, సెకనుకు 2 మెగాబైట్లు. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి అది 16 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). ఏ లైన్ అయినా రాసిన వేగంలో 70 శాతమే చేతికొస్తుందని పట్టుకుంటే 23 ఎంబీపీఎస్ లైన్ కావాలి.

23తో ఆగిపోతే ఇంకో చిక్కు. పదింటికి ఎక్కడో జేసీబీ తవ్వి ఫైబర్ తెగింది, ఒంటిగంటకు అతికించారు. ఆ మూడు గంటల 21.6 జీబీ వరుసలో నిలబడి ఉంది. లైన్ అప్పటికప్పుడు వచ్చే మార్పులకే సరిపోతే, ఆ పాత బకాయి రద్దీ తగ్గేదాకా కదలదు. అదే 50 ఎంబీపీఎస్ లైన్ అయితే చేతికొచ్చేది 35, కొత్త మార్పులకు 16 పోయినా 19 మిగులుతుంది. రద్దీ అలాగే కొనసాగినా రెండున్నర గంటల్లో బకాయి తీరుతుంది. కాబట్టి 50 తీసుకోండి. అప్‌లోడ్ ఎంతో రాతపూర్వకంగా అడగండి. ప్రకటనలో కనిపించేది చాలాసార్లు డౌన్‌లోడ్ వేగం, ఇక్కడ మనకు పని చేసేది అప్‌లోడ్. కంప్రెషన్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. డేటాబేస్ కాస్త కుదించుకుపోతుంది గానీ స్కాన్ చిత్రాలు చాలామటుకు ముందే కుదించి ఉంటాయి.

పంపని మార్పులన్నీ అసలు హోస్ట్ డిస్క్ మీద లాగ్ ఫైళ్లుగా పేరుకుంటాయి. ఆ లాగ్ ఒక వర్చువల్ డిస్క్ సైజులో సగానికి చేరితే హైపర్-వీ ఇక కొనసాగించదు. స్థితి క్రిటికల్ అని ఎర్రగా చూపించి, రీసింక్రనైజ్ చేయమంటుంది. అంటే రెండు వైపులా డిస్క్ అంతా బ్లాక్ బ్లాక్‌గా పోల్చి చూడటం. గంటల పని, ఆ సేపు డిస్కులు నెమ్మదిస్తాయి. 300 జీబీ డిస్క్‌కు 150 జీబీ వెసులుబాటు ఉంటుంది, కానీ ఎడతెగకుండా రాసే 40 జీబీ డిస్క్‌కు ఉండేది 20 మాత్రమే. చిన్న డిస్కులే ముందు తిరగబడతాయి. రీసింక్రనైజేషన్ సమయాన్ని రాత్రి పదకొండు నుంచి ఉదయం అయిదు మధ్యకు సెట్ చేయండి. వీఎంలున్న వాల్యూమ్ మీద ఎప్పుడూ పాతిక శాతం ఖాళీ ఉంచండి.

మార్పుల్లో అనవసరమైనవి తీసేస్తే లైన్ మీద బరువు బాగా తగ్గుతుంది. పేజ్‌ఫైల్‌నూ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడే ఫైల్), ఎస్‌క్యూఎల్ తాత్కాలిక డేటా ఉండే టెంప్‌డీబీనీ విడి వర్చువల్ డిస్క్‌లోకి మార్చి, రెప్లికేషన్ పెట్టేటప్పుడు ఆ డిస్క్ టిక్ తీసేయండి. ఒకటే జాగ్రత్త: అటువైపు ఆ డిస్క్ ఉండదు కాబట్టి, అదే సైజు ఖాళీ డిస్క్ ఒకటి ఫార్మాట్ చేసి, అదే డ్రైవ్ అక్షరంతో, అదే ఫోల్డర్‌తో సిద్ధంగా పెట్టుకోవాలి. లేకపోతే ఎస్‌క్యూఎల్ సర్వీస్ లేవదు. రాత్రి రెండింటికి డేటాబేస్ బ్యాకప్ ఫైల్ అదే వీఎం డిస్క్ మీద పడుతుంటే, 100 జీబీ ఫైల్ 100 జీబీ మార్పుగా అనంతపురం ప్రయాణం కడుతుంది. దాన్ని కూడా బయటికి తీయండి. డిస్క్‌ను సర్దే డీఫ్రాగ్‌మెంటేషన్, డేటాబేస్ సూచికలను తిరగరాసే వారాంతపు ఇండెక్స్ రీబిల్డ్ కూడా ఇలాగే పెద్ద మార్పులు పుట్టిస్తాయి.

మొదటి కాపీ

డొమైన్ కంట్రోలర్ పోను 2,550 జీబీ. 50 ఎంబీపీఎస్ లైన్‌లో చేతికొచ్చే 35 మీద ఇది వెళ్లడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది, ఈలోగా కొత్త మార్పులూ వచ్చి చేరతాయి. అందుకే మొదటి కాపీని యూఎస్‌బీ డిస్క్ మీద పంపడమే మేలు. 4 టీబీ డిస్క్‌ను బిట్‌లాకర్‌తో తాళం వేయండి. శనివారం రాత్రి ఎక్స్‌టర్నల్ మీడియా ఎంపికతో ఎగుమతి మొదలుపెడితే సెకనుకు 120 మెగాబైట్ల చొప్పున ఆరు గంటలు. ఆదివారం ఉదయం మనిషి చేత పంపండి, పార్సిల్ ఆఫీసులో వేయవద్దు. అందులో రోగుల రిపోర్టులున్నాయి. అక్కడ దింపడానికి ఇంకో ఆరు గంటలు. సోమవారం ఓపీ తెరిచే లోపు బకాయి మార్పులు కూడా చేరిపోతాయి.

రెండో చోట యంత్రం

రెప్లికా వీఎంలు నిద్రలో ఉంటాయి, ర్యామ్ తినవు. కానీ లేపిన రోజున కావాలి. ఎస్‌క్యూఎల్‌కు 32, చిత్రాలకు 16, రిమోట్ డెస్క్‌టాప్‌కు 24, ఫైళ్లకు 8, హోస్ట్‌కు 8 వేసుకుంటే 88. కాబట్టి 96 జీబీ పెట్టండి. డిస్క్ విషయంలో 2,550 జీబీకి గంటవారీ రికవరీ పాయింట్ల (వెనక్కు వెళ్లగలిగే పాత స్థితులు) స్థలం కలపాలి. గరిష్ఠంగా 24 ఉంచుకోవచ్చు, వాటికి ఒకటి రెండు రోజుల మార్పులంత, అంటే సుమారు 110 జీబీ. ఏటా 30 శాతం పెరుగుదల వేసుకుంటే మూడో ఏటికి 6 టీబీ దగ్గర పడుతుంది. నాలుగు 4 టీబీ డిస్కులతో రెయిడ్ 10 (ప్రతి డిస్క్‌కూ జంట కాపీ ఉండే అమరిక) వేస్తే 8 టీబీ చేతికొస్తుంది. చవకని ఎస్‌ఎంఆర్ రకం (ట్రాక్‌లు ఒకదాని మీదికి ఒకటి పరిచిన) హార్డ్‌డిస్కులు కొనకండి. చిన్న చిన్న రాతలు చెల్లాచెదురుగా పడుతుంటే అవి కూలబడతాయి, రెప్లికా వెనకబడటానికి కారణం లైన్‌లో వెతుక్కుంటూ కూర్చుంటారు.

రెండు హోస్టుల్లో ఒకే విండోస్ సర్వర్ వెర్షన్ ఉండాలి. అటు పాతది ఉంటే కొత్త వెర్షన్ వీఎం అక్కడికి పోదు. వర్చువల్ స్విచ్ పేరు రెండు వైపులా అక్షరం తేడా లేకుండా ఒకటే పెట్టండి. ప్రతి వీఎం నెట్‌వర్క్ అడాప్టర్‌లో ఫెయిలోవర్ టీసీపీ/ఐపీ దగ్గర అనంతపురం ఐపీ ముందే రాసిపెట్టండి (ఫెయిలోవర్ అంటే నకలును లేపి పనిని దాని మీదికి మార్చడం). డీఎన్‌ఎస్ రికార్డుల టీటీఎల్‌ను (కంప్యూటర్లు ఒక ఐపీని గుర్తుపెట్టుకునే సమయం) 300 సెకన్లకు దించండి. అది గంట అని ఉంటే సర్వర్ లేచి కూర్చున్నా కౌంటర్ కంప్యూటర్లు గంట సేపు పాత ఐపీ తలుపే తడుతుంటాయి. లైసెన్సుల లెక్క కూడా ఇప్పుడే తేల్చుకోండి: నకలు హోస్ట్‌కు మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్స్‌తో పాటు కొనే అదనపు ఒప్పందం) హక్కు ఉందా, లేక విడిగా లైసెన్స్ కొనాలా అన్నది అమ్మినవాళ్ల నుంచి కాగితం మీద తీసుకోండి.

తాళాలు వేరుగా

ఒకే డొమైన్‌లో రెండు హోస్టులుంటే కెర్బరోస్ అనే డొమైన్ లాగిన్ పద్ధతితో, 80 పోర్టు మీద, అయిదు నిమిషాల్లో రెప్లికేషన్ మొదలవుతుంది. సులువే. కానీ అందులో డేటాకు ఎన్‌క్రిప్షన్ ఉండదు. పైగా డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగిలించిన రాన్సమ్‌వేర్ వాడు రెండు హోస్టులనూ ఒకే రాత్రి తుడిచేయగలడు. కాబట్టి నకలు హోస్ట్‌ను డొమైన్‌లో కలపకుండా డిజిటల్ సర్టిఫికెట్‌తో, 443 పోర్టు మీద నడపండి. సర్టిఫికెట్‌లో సర్వర్ అథెంటికేషన్, క్లయింట్ అథెంటికేషన్ రెండూ ఉండాలి. దాని మీది పేరు హోస్ట్ పూర్తి డీఎన్‌ఎస్ పేరుతో సరిపోవాలి. వర్క్‌గ్రూప్ (డొమైన్‌లో చేరని) హోస్ట్‌కు ప్రైమరీ డీఎన్‌ఎస్ సఫిక్స్ పెట్టడం మరిచిపోతే ఈ పేరే కలవదు. ఫైర్‌వాల్‌లో రెప్లికా హెచ్‌టీటీపీఎస్ లిజనర్ రూల్ తయారుగా ఉంటుంది గానీ ఆపేసి ఉంటుంది, దాన్ని చేత్తో ఆన్ చేయాలి. సర్టిఫికెట్ గడువు తేదీని నెల ముందు గుర్తుచేసేలా ఇద్దరి ఫోన్లలో పెట్టండి. అది ముగిసిన క్షణం నుంచి రెప్లికేషన్ ఆగిపోతుంది, ఓపీ కౌంటర్‌లో మాత్రం ఏ తేడా కనిపించదు.

ఇంత చేసినా రెప్లికా బ్యాకప్ కాదు. ఇక్కడ చెరిపిన టేబుల్ అయిదు నిమిషాల్లో అక్కడా చెరిగిపోతుంది. 24 గంటల రికవరీ పాయింట్లు దాటితే వెనక్కు దారి లేదు. రోజూ విడి బ్యాకప్ ఉండాలి, ఒక కాపీ మార్చడానికి వీల్లేని క్లౌడ్ స్టోరేజ్‌లో ఉండాలి. ఏడబ్ల్యూఎస్‌కు హైదరాబాద్, ముంబైలలో, అజ్యూర్‌కు పుణె, చెన్నైలలో కేంద్రాలున్నాయి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కంపెనీల అకౌంట్స్ నిబంధనలకు 2022 ఆగస్టులో చేసిన సవరణ ప్రకారం ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లోకే వెళ్లాలి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం సైబర్ దాడి తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఆ లాగ్‌లు మునిగిన సర్వర్‌లోనే ఉంటే లాభం లేదు, అవీ అవతలికి పోవాలి.

రెప్లికేట్ కానివి కొన్ని ఉంటాయి. పాస్-త్రూ డిస్కులు (వీఎంకు నేరుగా ఇచ్చిన అసలు డిస్కులు), వీఎం లోపలి నుంచి ఐఎస్‌సీఎస్‌ఐతో (నెట్‌వర్క్ మీదుగా) తగిలించిన డిస్కులు రావు. యూఎస్‌బీ డాంగిల్‌తో (లైసెన్స్ తాళంచెవిలా గుచ్చే ముక్క) నడిచే సాఫ్ట్‌వేర్ ఉంటే డాంగిల్ కర్నూలులోనే ఉండిపోతుంది. రెండో డాంగిల్ ముందే తెచ్చి అనంతపురం బీరువాలో పెట్టండి. డిజిటల్ సంతకం టోకెన్ల సంగతీ ఇంతే.

పరీక్ష, అసలు రోజు

మూడు నెలలకోసారి టెస్ట్ ఫెయిలోవర్ చేయండి. నకలు హోస్ట్‌లో ఏ కేబుల్‌కూ తగలని ప్రైవేట్ స్విచ్ ఒకటి చేసి, వీఎం అడాప్టర్‌లో టెస్ట్ ఫెయిలోవర్ దగ్గర దాన్నే ఎంచుకోండి. పేరు చివర టెస్ట్ అని తగిలించుకుని కొత్త వీఎం లేస్తుంది, ఈ సేపు అసలు రెప్లికేషన్ ఆగదు. లాగిన్ కోసం డొమైన్ కంట్రోలర్‌ను బ్యాకప్ నుంచి ఆ ప్రైవేట్ స్విచ్‌లోనే లేపి, పని కాగానే తీసేయండి. అది క్షణమైనా అసలు నెట్‌వర్క్‌కు తగలకూడదు. వీఎం లేచింది కదా అని పరీక్ష ముగించకండి. బిల్లింగ్ అప్లికేషన్ తెరిచి, చివరి బిల్లు నంబరు, దాని సమయం చూసి, కర్నూలు కౌంటర్‌కు ఫోన్ చేసి పోల్చండి. ఆ తేడాయే మీరు నిజంగా పోగొట్టుకునే నిమిషాలు. బటన్ నొక్కినప్పటి నుంచి బిల్లు కనిపించేదాకా పట్టిన సమయం కూడా రాసిపెట్టండి.

కరెంటు పోయిన ప్రతిసారీ ఫెయిలోవర్ చేయకూడదు. అసలు డేటా చెక్కుచెదరకుండా ఉంది, ఆగి ఉందంతే. అటు మారితే చివరి నిమిషాల బిల్లులు రెండుగా చీలిపోతాయి. "రెండు గంటల్లో తిరిగి రాదని తేలితేనే" అని ముందే గీత గీసి, ఆ మాట ఎవరు చెబుతారో పేరుతో రాయండి. తుపాను హెచ్చరిక ఉండి ఇంకా టైముంటే ప్లాన్డ్ ఫెయిలోవర్ చేయండి: ఇక్కడి వీఎంను షట్‌డౌన్ చేస్తే చివరి మార్పు కూడా అటు చేరాకే అక్కడ లేస్తుంది, ఒక్క బిల్లూ పోదు.

అకస్మాత్తుగా మారాల్సి వస్తే అసలు ప్రమాదం కర్నూలుకు కరెంటు తిరిగొచ్చినప్పుడు మొదలవుతుంది. మామూలు సెట్టింగ్‌లో, ఆగేముందు నడుస్తున్న వీఎం హోస్ట్ లేవగానే దానంతటదే లేస్తుంది. అప్పుడు ఒకే పేరుతో రెండు ఎస్‌క్యూఎల్ సర్వర్లు, కర్నూలు కౌంటర్లు సగం దీనికీ సగం దానికీ బిల్లులు రాస్తాయి. వాటిని కలపడానికి వారాలు పడుతుంది. అందుకే కరెంటు ఇచ్చే ముందు కర్నూలు హోస్ట్ నెట్‌వర్క్ కేబుళ్లు పీకేయాలి. హోస్ట్ లేచాక ఆ వీఎంలను ఆపి, ఆటోమేటిక్ స్టార్ట్‌ను "నథింగ్"కు మార్చి, అప్పుడు కేబుల్ పెట్టి, అనంతపురం నుంచి రివర్స్ రెప్లికేషన్ మొదలుపెట్టాలి. మార్పులన్నీ వెనక్కు చేరాక ఒక ఆదివారం రాత్రి ప్లాన్డ్ ఫెయిలోవర్‌తో తిరిగి రావచ్చు. ఈ వరుసనూ, పాస్‌వర్డులున్న కవరు ఎక్కడుందో ఆ వివరాన్నీ, ఫైబర్ కంపెనీల ఫోన్ నంబర్లనూ కాగితం మీద అచ్చువేసి రెండు ఊళ్లలోనూ ర్యాక్ తలుపుకు అంటించండి. ఫైల్ సర్వర్‌లో దాచిన కాపీ ఆ రోజు తెరుచుకోదు.